మార్తవ్వ చెప్పని మాట

ఆ ఆదివారం సారవ్వ పొద్దున్నే రొట్టెలు కాల్చి, కూర దించి, పది గంటలకల్లా తలదువ్వుకుని కూర్చుంది. గోదావరిఖనిలో వాళ్లుండే గని క్వార్టర్ల వరుసలో ఆడవాళ్లందరిదీ ఆ రోజు అదే తొందర. మధ్యాహ్నం రెండింటికి క్లబ్బు హాల్లో కథ ఏడో భాగం వేస్తారు.

"అక్కా, ఇయ్యాల ఆ బట్టతల సేఠు సంగతి తేలాలె," అంటూ పక్కింటి లింగవ్వ గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "వాడు గిట్ల ఎల్లమ్మను చేసుకున్నడో, నేనే పోయి ఆ తెర చింపుత."

"నువ్వు చింపితే వజీరన్న నౌకరి పోతది. కూసో, చాయ తాగు," అని సారవ్వ నవ్వింది.

గనిలో కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇంగ్లీషు ఇంజనీర్లు పని ముగించుకుని పోతూ ఆ రీళ్లు క్లబ్బుకు వదిలిపోయారు. వాళ్ల దేశంలో అది టీవీలో వారం వారం వచ్చే నాటకమట. 1974లో ఆ వరుసలో టీవీని కళ్లతో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. క్లబ్బులో పనిచేసే వజీర్ కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, గోడ మీద తెల్ల తెర వేసి ప్రొజెక్టర్ తిప్పేవాడు. సముద్రపు ఒడ్డు ఊళ్లో చేపలమ్ముకునే మార్తా, ఆమె ఒక్కగానొక్క కూతురు ఎలెన్, ఆ పిల్ల మీద కన్నేసిన ఓ బట్టతల దుకాణదారుడు. ఇదీ కథ. రెండో వారానికే తల్లి మార్తవ్వ అయింది, కూతురు ఎల్లమ్మ అయింది. మూడో వారానికి మార్తవ్వకు మోకాళ్ల నొప్పులకు ఏ ఆకు కట్టాలో కూడా ఇక్కడి ఆడవాళ్లు తేల్చేశారు.

కథను తెలుగులో చెప్పేది సారవ్వ కూతురు అనసూర్య. ఆ వరుసలో మెట్రిక్ పాసైన ఆడపిల్ల ఆమె ఒక్కతే. ప్రతి రీలుతో పాటు టైపు కొట్టిన కథ కాగితం ఉండేది. దాన్ని ముందే తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి, హాల్లో తెర పక్కన నిలబడి చెప్పేది.

ఈ వారం కాగితం చదివినప్పటి నుంచి ఆమెకు మనసు మనసులో లేదు. ఎల్లమ్మ నర్సు చదువుకు పట్నం పోతానంటుంది. తల్లి వద్దంటుంది. అచ్చం తన ఇంటి కథే. వరంగల్‌లో నర్సు ట్రైనింగుకు రాసిన దరఖాస్తు తన పెట్టెలో మూలుగుతోంది. శుక్రవారంతో గడువు ముగుస్తుంది. బొగ్గు కొట్టే తండ్రి సదయ్య సంతకానికి సిద్ధమే. కానీ "మీ అవ్వ ఊ అంటెనే బిడ్డా" అంటాడు. అవ్వేమో కాసిపేట గనిలో పనిచేసే తన అన్న కొడుకు రాజంకు పిల్లనిస్తానని ఎప్పుడో మాట ఇచ్చింది.

హాలు నిండిపోయింది. తెర మీద ఎల్లమ్మ సంచీ పట్టుకుని వీధిలో నిలబడి పైకి చూసింది. మేడ కిటికీలోంచి మార్తవ్వ ఏదో అని, తలుపు దబ్బున మూసేసింది. 'ఈ గడప దాటితే నాకు కూతురే లేదు' అని కాగితంలో ఉంది.

"ఏమంటంది పిల్లా మార్తవ్వ?" వెనక నుంచి పూలమ్మ అరిచింది.

ముందు వరుసలో కూర్చున్న అవ్వను చూసింది అనసూర్య. తన నోట వేరే మాట వచ్చింది. "'పో బిడ్డా, మంచిగ సదువుకో. నా పానం నీ మీదనే ఉంటది' అంటంది."

"మరి కిటికీ గంత జోరుగ ఏసిందేంది?"

"సముద్రం గాలి గదా... సలి."

లింగవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "తల్లంటె గట్లుండాలె!" దుకాణం ముందు నిలబడ్డ బట్టతల మనిషి కనపడగానే హాలంతా ఈలలు, నవ్వులు. "ఒడిసింది పో నీ లగ్గం!" అని ఎవరో అరిచారు. సారవ్వ ఒక్కతే నవ్వలేదు. కదలకుండా తెర వంకే చూస్తూ కూర్చుంది.

మంగళవారం సాయంత్రం నల్లా దగ్గర వజీర్ భార్య మక్సూదా బిందె పెడుతూ నిట్టూర్చింది. "సారక్కా, పాపం ఆ మార్తవ్వ తల్లి! మా ఆయన ఆఖరు రీలు సూసిండు. బిడ్డ రాసిన ఉత్తరాలు ఒక్కటి గూడ ఇప్పలేదంట. పెట్టెల దాసి, బిడ్డతోటి మాట్లాడకుంటనే సచ్చిపోతదంట."

సారవ్వ బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది. డ్యూటీ దిగి వచ్చిన సదయ్య వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు.

"అనసూర్యా! ఇట్ల రా. మార్తవ్వ ఆ కిటికీల నిలబడి ఏమన్నది? నిజం చెప్పు."

అనసూర్య గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"సలి గాలంటివి. పదిమందిల నన్ను పిచ్చిదాన్ని చేసినవ్. ఆమె సచ్చిపోతదట గదా! అది గూడ మార్చి, లేచి కూసున్నదని చెప్పెటిదానివా?"

"అవ్, చెప్పెటిదాన్ని!" పిల్ల ఎదురు తిరిగింది. "నా మాట ఎన్నడన్న విన్నవా అవ్వా? ఎప్పుడు సూడు, రాజం బావ, రాజం బావ. షిఫ్టు కాని యాళ్ల సైరన్ కూస్తె నువ్వు గేటు దిక్కు ఉరుకుతవ్. బాపు మొకం అగుపడేదాక మంచినీళ్లు ముట్టవ్. చిన్నప్పటిసంది సూస్తున్న. నాకు గూడ గదే బతుకు ఇస్తవా?"

సదయ్య చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. భార్య ఏమంటుందో అని భయపడ్డాడు. సారవ్వ గోడకు చేరగిలబడి మెల్లగా కూలబడింది. తలెత్తి కూతురితో అంది.

"నువ్వు అబద్ధం చెప్తున్నవని నాకు ఆడనే ఎర్కైంది బిడ్డా. నాకు ఇంగ్లీషు రాదు, మొకాలు గూడ సదువరాదా? దీవించే తల్లి పెదవులు గట్ల బిగబట్టదు."

"మరి ఎందుకు ఊకున్నవ్?"

"నువ్వు చెప్పిన మార్తవ్వ నాకు మంచిగనిపించింది. గసొంటి అవ్వ కావాలని నా బిడ్డ నన్ను అడుగుతందని సమజైంది. నాతోటి అయితదా, కాదా అని రెండు దినాలసంది కొట్టుకుంటున్న. ఇయ్యాల ఆమె సచ్చిపోతదని వినంగనే గుండె జల్లుమన్నది."

"నీకు నేను నర్సు అవుడు అంత తప్పా అవ్వా?"

"తప్పని కాదు." సారవ్వ గేటు దిక్కు చెయ్యి చూపింది. "ఈడ మీ బాపుకు ఏమన్నైతె సైరన్ కూస్తది. నేను ఉరుకుత. ఆడ వరంగల్‌ల నీకేమన్నైతె నాకు ఏ సైరన్ వినబడుతది చెప్పు?"

అంత చిన్న మాటను అవ్వ ఇన్నాళ్లూ కోపం వెనక దాచుకుందని అనసూర్యకు అప్పటిదాకా తెలియదు. వెళ్లి ఆమె ఒడిలో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. సారవ్వ వేళ్లు ఆమె జుట్టులో తడుముతూనే ఉన్నాయి.

"వరంగల్ ఎంత దూరమే?" సదయ్య మెల్లగా అన్నాడు. "రామగుండంల పొద్దుగాల రైలెక్కితె పగటీలికి కాజీపేటల దిగుతం. నెలకోపాలి నా సెలవు దినం నిన్ను తీస్కపోత. సరేనా?"

"రెండుపాలి," అంది సారవ్వ ముక్కు తుడుచుకుంటూ. "మా అన్నకు నేనే చెప్పుకుంట. రాజంకు పిల్ల దొరకదా ఏంది? ఆ కాయితం తే బిడ్డా."

సదయ్య కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. సారవ్వ బొటనవేలు ముందుకు చాపింది.

"తల్లికి ఆడ జాగ లేదే," అన్నాడు సదయ్య.

"లేకుంటె అంచుకు పెడత. ఒప్పుకున్నది నేను గద!"

ఆఖరి ఆదివారం రీలు మొదలుకాక ముందే అనసూర్య తెర పక్కన నిలబడి, పోయిన వారం తను మార్చి చెప్పిన మాటేదో, అసలు మాటేదో అందరికీ చెప్పేసింది. హాలు గొల్లుమంది. "మోసం చేసినవ్ పో పిల్లా! నా ఏడ్పంత ఉత్తదేనా?" అని లింగవ్వ కసిరింది. అయినా రీలు తిరగగానే, "ఇగ నిజమే చెప్పు," అని ముందుకు జరిగి కూర్చుంది.

అనసూర్య నిజమే చెప్పింది. తెర మీద మార్తవ్వ కళ్లు మూసింది. ఎల్లమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, మంచం కింది పెట్టె తెరిచి, విప్పని ఉత్తరాలు ఒక్కొక్కటే బయటికి తీసింది. ఆడవాళ్లంతా భోరుమన్నారు.

"ఓ మొండిదానా! ఒక్కటి ఇప్పితె నీ సొమ్మేం పోయె!" అని లింగవ్వ తెర మీదికి చెయ్యి విసిరింది.

"ఆమెకు సదువొచ్చునో రాదో," అంది పూలమ్మ, తిడుతుంటే జాలేసి.

"నాకైతె రాదు," అంది సారవ్వ. అందరూ అటు తిరిగారు. ఆమె కూతురి వంక చూసింది. "అయినా నువ్వు రాయి బిడ్డా. మీ బాపుతోటి సదివిస్త, ఆయినకు అర్థం కాకుంటె వజీరన్న తోటి సదివిస్త. ఒక్కదాన్ని గూడ ఇప్పకుంట ఉంచ."