ఒక్క పైపు కూడా మార్చలేదు

తల పక్కకి తిప్పుకోకండి, మీకే చెబుతున్నాను. మీ ఇంట్లో కూడా ఒక వస్తువు ఉంటుంది. దాని మీద గీత పడితే మీ ప్రాణం విలవిల్లాడుతుంది. ఇంట్లో మనిషి చెయ్యి తెగితే మాత్రం “కాస్త చూసుకోవద్దూ” అని ఒక మాట పారేసి, మళ్ళీ ఆ గీత దగ్గరికే వెళ్ళి కూర్చుంటారు. దాన్ని ముచ్చట అనుకుంటున్నారు. ముచ్చట కాదది, పాపం. ఎలాంటి పాపమో ఒకాయన సంగతి చెబుతాను, వినండి.

ఆయన్ని తెలిసినవాళ్ళంతా ఒరిజినల్ గారు అనేవాళ్ళు. పాత రేసు కార్లు బాగుచేయడం ఆయన పని. ఆయన షెడ్డులోకి కొత్త నట్టు ఒకటి వచ్చినా మైల పడ్డట్టు చూసేవాడు. కారు పుట్టినప్పుడు ఏ భాగం ఉందో అదే ఉండాలి. తుప్పు పట్టనీ, బీటలు తియ్యనీ, అదే ఉండాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంట్లో నలుగురు మగవాళ్ళు సినిమా చూడ్డానికి కూర్చున్నారు. కిటికీలకి మందపాటి దుప్పట్లు కట్టి హాలు చీకటి చేశారు. తెల్లగోడే తెర. పాతకాలపు కారు రేసుల మీద తీసిన సినిమా అది, ఇంకా విడుదల కాలేదు. అందులో ఎర్రకారు ఒరిజినల్ గారిదే కాబట్టి సినిమావాళ్ళు ముందుగా ఒక కాపీ పంపారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు పాతకార్ల సంఘం పెద్దలు. అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. పక్కన రిటైరైన ఇంజనీరు, ఆ పక్కన బట్టల కొట్టాయన.

కార్ల పిచ్చివాళ్ళు సినిమా చూస్తే ఎలా ఉంటుందో మీకు తెలియదేమో. కథ ఎవడికి కావాలి?

“ఆ అద్దం చూశారా? ఆ రోజుల్లో అటువైపు అద్దమే లేదు” అన్నాడు ఇంజనీరు.

“టైర్లు చూడండి, నిన్న కొట్లోంచి తెచ్చినట్టు నిగనిగలాడుతున్నాయి.”

“హీరో ఇందాకట్నుంచీ గేర్లు పైకి వేస్తూనే ఉన్నాడు. ఆ లెక్కన దానికి పాతిక గేర్లుండాలి” అన్నాడు డాక్టరు. అందరూ పడీ పడీ నవ్వారు.

హీరోయిన్ కన్నీళ్ళు పెట్టుకుంటుంటే బట్టల కొట్టాయన తెర దగ్గరికి వెళ్ళి ఆమె వెనక నిలబెట్టిన కారుని తేరిపార చూశాడు. “కూర్చోవయ్యా, ఆ పిల్ల ఏడుస్తోంది!” అన్నారు మిగతావాళ్ళు. “ఏడవనీండి, ఆ బంపరు నకిలీది” అన్నాడాయన.

అప్పుడు ఎర్రకారు వచ్చింది. నవ్వులాగిపోయాయి.

ఆ కారు నడిపింది హీరో కాదు. ఒరిజినల్ గారి బావమరిది. హీరో టోపీ, కళ్ళద్దాలు పెట్టి అతణ్ణి కూర్చోబెట్టారు. ఏడాది కిందట షూటింగు రోజు పొద్దున అతను బావ దగ్గరికి వచ్చాడు.

“బావా, బ్రేకు పెడలు మెత్తగా దిగుతోంది. ముందు చక్రం దగ్గర రబ్బరు పైపు పగుళ్ళు తీసింది. కొత్తది వేసేద్దాం.”

“దాని మీద కంపెనీ ముద్ర ఇంకా చెక్కుచెదరలేదురా. నీకంటే పెద్దది ఆ పైపు. మర్యాదగా తొక్కు, పనిచేస్తుంది.”

కుర్రవాడు నవ్వేశాడు. అక్క మొగుడి మాట కాదనలేదు. ఏటవాలు మలుపులో పైపు పగిలింది. కారు గోడని కొట్టింది. ముందు చక్రం ఊడి దూరంగా పడింది. మిగతాదంతా కుర్రవాడితో సహా తగలబడింది.

ఒరిజినల్ గారు పోలీసులతో ఏమన్నాడో తెలుసా? కొత్త పైపు వేశానన్నాడు. కుర్రవాడే మలుపులో రెండో గేరుకి దించకుండా, మూడో గేరులో తొందరపడి వచ్చాడన్నాడు. భార్యతోనూ అదే అన్నాడు. నా తమ్ముడి దూకుడే వాణ్ణి తినేసిందని ఆవిడ ఏడాదిగా ఏడుస్తోంది. ఇరుగుపొరుగు తమ్ముణ్ణి తిడుతుంటే తల దించుకుని వింటోంది. ఆ మచ్చ ఒక్కటైనా పోతే చాలని ఆవిడ ఆశ. ఆ సీను సినిమాలో ఉంచమంటారా అని సినిమావాళ్ళు అడిగితే ఉంచమన్నదీ ఈయనే. కెమెరాలో కారు అంత బాగా ఇంకెక్కడా పడలేదట.

గోడ మీద కారు మలుపు తిరిగింది. కాళ్ళ దగ్గర బిగించి, బొమ్మని ఎప్పటికప్పుడు బయటికి పంపిన చిన్న కెమెరాలో కుర్రవాడి కుడి బూటు కనబడింది. బూటు పెడలుని నొక్కింది. పెడలు అడుగుదాకా దిగిపోయింది. ఆ తరవాత గోడ, మంట.

“అబ్బ! ఏం తీశాడండీ!” అన్నాడు బట్టల కొట్టాయన.

“పాపం కుర్రాడు” అన్నాడు ఇంజనీరు. ఆ వెంటనే, “మూడో గేరంటారా? శబ్దం రెండో గేరులా ఉందే” అన్నాడు.

“మూడే. కావాలంటే మళ్ళీ వినండి” అని ఒరిజినల్ గారు వెనక్కి తిప్పి వేశాడు. కుర్రవాడు మళ్ళీ కాలిపోయాడు. వాళ్ళు కళ్ళు మూసుకుని చెవులు రిక్కించారు. తేలలేదు. మళ్ళీ వేశాడు.

పళ్ళ డాక్టరు చివరికి అసలు మాటకి వచ్చాడు. “చూడండీ, ఈ ఏడు మా సంఘం మెడల్ మీ ఎర్రకారుకే ఇద్దామనుకుంటున్నాం. కాలిన రేకులు మళ్ళీ కొట్టించారు, అది సరే. లోపలి భాగాల మాటేమిటి? ఏవైనా మార్చారా?”

ఒరిజినల్ గారి ఛాతీ పొంగింది. “ఒక్క పైపు కూడా మార్చలేదు.”

“ఆ బ్రేకు పైపు?” అన్నాడు ఇంజనీరు.

“అదే! ఆ రోజున్నదే. ఊడిపడ్డ చక్రానికి అంటుకుని దొరికింది. పగిలినచోట అతికించి మళ్ళీ బిగించాను. ముద్ర ఇప్పటికీ చదవొచ్చు.”

గుమ్మంలో కప్పులు గలగలమన్నాయి. టీ పళ్ళెంతో ఆయన భార్య నిలబడి ఉంది.

ఆవిడ పళ్ళెం నేల మీద పెట్టింది. మెల్లగా వచ్చి భర్త చేతిలోంచి రిమోట్ తీసుకుంది.

“ఇంకోసారి చూద్దామండీ” అంది.

కారు మలుపు తిరిగింది. బూటు కనబడింది. పెడలుని నొక్కింది. పెడలు దిగిపోయింది...

గోడ రాలేదు.

బూటు పైకి లేచి మళ్ళీ నొక్కింది. మళ్ళీ లేచింది. మళ్ళీ నొక్కింది. ఇది సినిమాలో లేదు. ఒరిజినల్ గారికి ప్రతి ముక్కా కంఠతా వచ్చు... ఇది లేదు. హాల్లో కాలిన రబ్బరు వాసన మొదలైంది. ఆ వెనకే వేడెక్కిన బ్రేకు నూనె వాసన, గొంతుకి అడ్డం పడేలా. ఆయన పక్కవాళ్ళని చూశాడు. వాళ్ళు తలలు వంచుకుని, ఆడమనిషి ముందు ఏం మాట్లాడాలో తెలియక, నేల చూపులు చూస్తున్నారు. గోడని ఎవరూ చూడ్డం లేదు.

బూటు వెనక్కి జరిగింది. పెడలు ఒక్కటే మిగిలింది.

అది ఎదురుచూస్తోంది.

చెవి దగ్గర వేడిగా ఊపిరి తగిలింది.

“బావా... ఒకసారి నువ్వు తొక్కి చూడవూ?”

ఆయన కుడికాలు ముందుకి జరిగింది. ఆయన జరపలేదు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని వెనక్కి లాగాడు. కాలు వినలేదు. పాదం హాలు నేల మీద ఆనింది. గచ్చు మెత్తగా ఉంది. పాదం దిగింది... ఇంకా దిగింది... అడుగు తగల్లేదు.

“పట్టడం లేదు” అని గొణిగాడు.

“మర్యాదగా తొక్కు బావా. పనిచేస్తుంది.”

“పట్టడం లేదురా! పట్టడం లేదు!”

డాక్టరు లేచి కిటికీ దుప్పటి లాగేశాడు. ఎండ లోపలికి పడింది. నేల గట్టిగా, చెక్కుచెదరకుండా ఉంది. ఒరిజినల్ గారు కుర్చీలోంచి జారి, కుడికాలితో ఆ నేలని తంతూ కేకలు పెడుతున్నాడు. ఆయన బూటుకి, మేజోడుకి చిన్న మచ్చ కూడా లేదు. మేజోడు విప్పితే దాంతో పాటు చర్మమూ వచ్చేసింది. లోపల పాదం ఎముక దాకా కాలిపోయి ఉంది.

మోకాలి కింద కోసేశారు. పళ్ళ డాక్టరు ఆసుపత్రికి వచ్చి బాగోగులు అడిగాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, “ఇక మీరు నడపలేరు కదా, కారు ఎవరికైనా ఇచ్చే ఉద్దేశముందా?” అన్నాడు.

సినిమా విడుదలైంది. కార్ల మీద మోజున్నవాళ్ళంతా చూశారు. రెండో గేరా, మూడో గేరా అని అందరికీ అదే తగువు. ఇళ్ళల్లో కూర్చుని ఆ సీను వెనక్కి తిప్పి తిప్పి వేసుకుంటారు. ఎక్కడో ఎవరో వేసుకున్నప్పుడల్లా ఒరిజినల్ గారికి లేని పాదం కాలుతుంది. పట్టపగలు, అన్నం ముందు, నిద్రలో... ఆయన గుడ్లు తేలేసి, మొండి మోకాలితో పక్కని నొక్కుతూ ఉంటాడు. మందులు పనిచేయలేదు. ఆయన ఊపిరి మాత్రం ఆగదు.

ఆ మధ్య ఒకరోజు భార్య పక్క దులుపుతుంటే ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

“ఎడమ పాదం కూడా వెచ్చబడుతోందే. అది క్లచ్ కాలు... గేరు మార్చే కాలు. ఒకసారి చూడవే.”

ఆవిడ దుప్పటి తొలగించి పాదం మీద అరచెయ్యి పెట్టింది. చురుక్కుమంది. వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆవిడ ఆ చేతిని మెల్లగా వెనక్కి దాచుకుంది.

“చల్లగానే ఉందండీ” అంది.