కొంచెం తిప్పప్పా

పుంగనూరు దాటి మదనపల్లెకు వచ్చే దారిలో ఒక దిగుడు ఉంది. దిగుడు చివర మలుపు. మలుపు పక్కన పాడుబడిన పట్టుపురుగుల షెడ్డు. ఒకప్పుడు చీకటి పడ్డాక అక్కడ బండి ఆపిన మగాడు లేడు. ఒంటేలుకు పోవాలన్నా ఊరొచ్చేదాకా బిగబట్టుకునేవాళ్లు.

ఎందుకంటే… అక్కడ గొంతు వినిపించేది.

అరుపు కాదు, ఏడుపు కాదు. మెల్లగా, బతిమాలినట్టు — "తిప్పు… కొంచెం తిప్పప్పా…"

తిప్పితే అంతే సంగతులు. బండి పోయి కాలవలో పడేది. ఆ మలుపులో చచ్చిన డ్రైవరెవడో స్టీరింగు తిప్పమని ఇప్పటికీ అడుగుతున్నాడని చెప్పుకునేవాళ్లు. కొందరు గాజుల చప్పుడు కూడా విన్నామనేవాళ్లు. మనవాళ్ల దెయ్యానికి, అది మగ దెయ్యమైనా సరే, గాజులు ఉండి తీరాలి గదా!

ఈ సంగతి నాకు చెప్పింది లక్ష్మీపతి గారు. మదనపల్లెలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు చూసేవారు. బండ్ల డ్యామేజీలు కాదు, మనుషుల డ్యామేజీలు. నడుములు విరిగినవాళ్లు, కాళ్లు పోయినవాళ్లు, ఇక లేచి కూర్చోలేనివాళ్లు. పొద్దున ఆస్పత్రి, మధ్యాహ్నం కోర్టు, సాయంత్రం ఎవరిదో ఒకరి మంచం పక్కన స్టూలు.

"దెయ్యాలెందుకప్పా, బతికుండేవాళ్లే సాలు నాకు నిద్ర పట్టకుండా సెయ్యడానికి" అనేవారు నాతో.

తొంభై ఎనిమిదిలోనో ఆ మరుసటేడో ఆయన చేతికి మునిరాజ కేసు వచ్చింది. మునిరాజ గంగవరం రైతు. తన టమోటాలతో పాటు తానూ రాత్రి పూట టెంపో ఎక్కి మదనపల్లె మండీకి బయలుదేరాడు. ఆ మలుపులో టెంపో పల్టీ కొట్టింది. మునిరాజకు నడుం కింద స్పర్శ పోయింది. డ్రైవరు నాగరాజుకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే.

"తాగి నడిపినాడు" అని మేనేజరు తేల్చేశాడు. తాగి ఉంటే కంపెనీ చేతులు దులుపుకోవచ్చు. తాగకపోతే, ఎదురు బండి లేని రోడ్డు మీద స్టీరింగు ఎందుకు తిప్పినట్టు? దానికి జవాబు దొరికితేనే మునిరాజకు బెంగుళూరు ఆస్పత్రి. లేకపోతే ఇంట్లో మంచమే.

"సుక్క తాగలేదు సార్, నా బిడ్డల మీద ఒట్టు" అన్నాడు నాగరాజు. "ఎవురో తిప్పమన్న్యారు. తిప్పినా."

"ఎవురు?"

"కనపడితే గదా సార్!"

మునిరాజ భార్య మునెమ్మ ఆఫీసు మెట్ల మీదే కూర్చునేది. ఒకరోజు లక్ష్మీపతి గారిని ఆపి అడిగింది — "సారూ… దెయ్యం పడేస్తే ఇన్సూరెన్సు రాదా?"

ఆమె ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగింది.

ఆ రాత్రే లక్ష్మీపతి గారు స్కూటరు తీశారు.

దిగుడు మొదట్లో ఇంజను ఆపేశారు. మన డ్రైవర్లకు అదో జబ్బు. దిగుడు కనపడితే చాలు, డీజిలు మిగులుతుందని ఇంజను కట్టేసి వదిలేస్తారు. నాగరాజూ అదే చేశానన్నాడు కాబట్టి ఈయనా అలాగే దిగారు. ఇంజను ఆగితే లైటు కూడా ఆగిపోయే పాత స్కూటరు. వెన్నెల ఉందని ధైర్యం.

చప్పుడు లేదు… టైరు కింద కంకర నలుగుతోంది, అంతే.

మలుపు వచ్చింది.

"తిప్పు…"

చెవి పక్కనే!

హ్యాండిలు దానంతట అదే తిరిగిందంటారు లక్ష్మీపతి గారు. ఆయనే తిప్పారని నేనంటాను. ఎవరు తిప్పితేనేం, స్కూటరు జారింది, మనిషి పడ్డారు, మోకాలు దోక్కుపోయింది. లేచి కిక్కు మీద కిక్కు కొట్టారు. అది దగ్గిందే గానీ కదల్లేదు.

"ఎవురప్పా… పోవద్దప్పా… తిప్పి పో…"

గొంతు షెడ్డులోంచి వస్తోంది.

పరుగెత్తాలని ఉంది. కానీ ఆ గొంతు… మాటకూ మాటకూ మధ్య ఆగుతోంది. నిండుగా ఊపిరి తీసుకోలేని మనిషి గొంతు. ఆయన ఉద్యోగమంతా విన్నది ఇలాంటి గొంతులే.

షెడ్డు తలుపు నెట్టి అగ్గిపుల్ల గీశారు. నులక మంచం. దుప్పటి. దుప్పటి పైన రెండు కళ్లు…

"వచ్చినావా సామీ" అన్నాయి పెదాలు. "గోడ పక్కకు తిప్పు. వీపు కాలిపోతాండాది."

దెయ్యం కాదు. మనిషి. పేరు చెన్నప్ప.

లక్ష్మీపతి గారికి ఆ పని తెలుసు. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి వేసి మెల్లగా తిప్పారు. పుండ్ల వాసన గుప్పుమంది. చెన్నప్ప "అబ్బా" అనలేదు, "సల్లగా ఉండాది" అన్నాడు.

గొర్రెలు తోలుకుని ఇంటికి పోతుంటే ఇదే మలుపులో ఏదో బండి గుద్దేసి పోయిందట. మెడ దగ్గర విరిగింది. చేతులూ ఆడవు, కాళ్లూ ఆడవు.

"నంబరు?"

"గొర్రెల్ని సూస్తాంటి సారూ. నంబరు సూడలే."

నంబరు లేకపోతే కంపెనీ లేదు. కంపెనీ లేకపోతే కేసు లేదు. అందుకే ఇన్నాళ్లూ ఈ మనిషి ఉన్నట్టే లక్ష్మీపతి గారికి తెలియలేదు. గొర్రెలు పోయాయి, ఇల్లు పోయింది. భార్య బయ్యమ్మ రాత్రిళ్లు మండీలో టమోటాలు ఏరడానికి పోతుంది. ఆమె తెల్లారి వచ్చేదాకా ఇతన్ని తిప్పే దిక్కు లేదు.

"ఇంజను ఆగినట్టు ఇనపడితే, ఎవురో బండి ఆపినారనుకుంటా సారూ. పిలుస్తా. ఎవురూ రారు. ఒగోసారి దబ్బుమని పడతారు." చెన్నప్ప గొంతు తగ్గించాడు. "ఈ మలుపు మంచిది కాదు సారూ… ఈడ ఏందో ఉండాది."

లక్ష్మీపతి గారికి ఆఫీసు మెట్ల మీద కూర్చున్న మునెమ్మ గుర్తొచ్చింది. అడక్క తప్పదు.

"టమోటాల టెంపో పడిన రాత్రి… పిలిచినావా చెన్నప్పా?"

"పిలిస్తి గదా సారూ. తిప్పప్పా, అని…"

అక్కడ ఆగిపోయాడు.

అగ్గిపుల్ల ఎప్పుడో ఆరిపోయింది. ఇంకోటి గియ్యడానికి లక్ష్మీపతి గారికి చేతులు రాలేదు.

"నా మాటకా… సారూ?"

"కాదులేప్పా" అన్నారు ఆయన. అన్నారు గానీ, ఆలస్యంగా అన్నారు.

డ్రైవరు తాగలేదని, పక్కనున్న షెడ్డులో మంచాన పడిన మనిషి పిలుపుకు బెదిరి తిప్పాడని ఆయన రాసిచ్చారు. మేనేజరు గొణిగాడు, ఒప్పుకున్నాడు. మునిరాజ బెంగుళూరు పోయాడు. మునెమ్మ దండం పెట్టింది.

చెన్నప్ప కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు. ఎక్కడికి పోయినా మొదటి ప్రశ్న నంబరే. గుర్తు తెలియని బండి గుద్దితే ప్రభుత్వం ఇచ్చే పరిహారమొకటి ఉంది గానీ, దానికి గడువు ఎప్పుడో దాటిందన్నారు. ఇంకొకరి కేసైతే ఆఫీసులో అందరూ ఆయన మాట వింటారు. ఈ ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆయన మాట చెల్లలేదు.

ఇంతలో మలుపులో గొంతు ఆగిపోయింది. లారీల వాళ్లు అక్కడ బూడిద గుమ్మడికాయ కొట్టారు, కోడిని కోశారు. దెయ్యం వదిలిందని టీ అంగళ్లలో ఒకటే సంబరం. మళ్లీ అందరూ ఇంజన్లు కట్టేసి హాయిగా దిగసాగారు.

లక్ష్మీపతి గారికి ఆ సంబరం గొంతు దిగలేదు. ఒక తెల్లవారుజామున మండీకి పోయి, టమోటా గంపల మధ్య బయ్యమ్మను వెతికి పట్టుకున్నారు.

"చెన్నప్ప ఎట్లుండాడమ్మా? రాత్రిళ్లు పిలుస్తాండాడా?"

"యాడ సారూ!" బయ్యమ్మ చేతులు తుడుచుకుంది. "ఏమైందో ఏమో. నేను పనికి బయలుదేరేటప్పుడు, నోట్లో తువ్వాల కుక్కి పో అంటాడు. ఎందుకు అంటే సెప్పడు. కుక్కకపోతే పోనియ్యడు…"

ఆమె ముందున్న గంపను పక్కకు జరిపింది.

"పొద్దున పోయి తువ్వాల తీస్తానే, నీళ్లు కూడా అడగడు సారూ. ఒగటే మాట — 'రేత్రి బండి ఏమన్నా పడిందా బయ్యా?'"