వంతెన కింద చల్లని చెయ్యి

ఆ వంతెన పేరెత్తితే పడవవాళ్ళు ఇప్పటికీ మాట మార్చేస్తారు. కాలవ మీద అంత పొట్టిది, అంత ఇరుకుది ఇంకోటి లేదు. పడవలో వెల్లకిలా పడుకుని, అరికాళ్ళతో వంతెన లోకప్పుని తన్నుకుంటూ దాటాలి. ఆ చీకట్లో ఎవరో చెయ్యి అడ్డం పెట్టి పడవని ఆపేస్తారనీ... పొడుగాయన అలాగే పోయాడనీ చెప్పుకుంటారు.

పొడుగాయన అంటే మా బాబాయికి పడవ నేర్పినాయన. తాగి చచ్చి దెయ్యమయ్యాడన్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషండీ! ఆ మాటన్నవాళ్ళ నోరు పడిపోను!

మా పిన్నీ బాబాయిల కాపురం ఇసక పడవలోనే. ఆ సాయంత్రం ఇసక దించారో లేదో, పిన్నికి నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రేమో వంతెనకి అవతల. పొడుగాయన పోయినప్పట్నించి బాబాయి చుట్టుదారినే పోయేవాడు. ఆ రోజు అంత టైమెక్కడిది?

"దెయ్యం లేదు గియ్యం లేదు, పడుకోవే," అన్నాడు.

పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని పడుకుంది. లోపలికి పోయారు. చీకటి... నీళ్ళ చప్పుడు... సగం దూరం పోయాక — పడవ ఠక్కున ఆగింది.

బాబాయి కాళ్ళతో తన్నాడు. కదల్లేదు. వెనక్కీ రాలేదు. చెయ్యి పైకెత్తితే మొహం మీద జానెడు ఎత్తులో... చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది.

"ఎవడ్రా అది? నా పెళ్ళాం చచ్చిపోతుందిరా, వదలరా!"

చెవి పక్కనే గుసగుస —

"బిరడా పీకరా... సన్నాసీ."

పడవని ఒడ్డుకి లాగినప్పుడు నీళ్ళు వదలడానికి అడుగున ఉండే బిరడా అది. కాలవలో ఉండగా పీకితే నీళ్ళు లోపలికొస్తాయి. పిన్ని పడుకుంది అక్కడే! అయినా పీకేశాడు. నీళ్ళు బుడబుడా ఎక్కాయి. పిన్ని వీపు తడిసింది, చెవుల దాకా వచ్చాయి... పడవ బరువెక్కి కాస్త కిందికి దిగింది. బిరడా బిగించి ఒక్క తన్ను తన్నాడు. బయటపడ్డారు.

వెనక్కి టార్చి వేసి చూస్తే — చెయ్యీ కాదు, కాలూ కాదు. ఇనప పైపు! వంతెన కింద అడ్డంగా కొత్తగా బిగించారు, ఒక్క పడవవాడికి చెప్పిన పాపాన పోలేదు. ఇసకతో పోయే పడవ లోతుగా మునిగుంటుంది, దానికి తగలదు. ఖాళీ పడవ పైకి తేలుతుంది కదా, అంచు పైపుకి తగిలి ఇరుక్కుంటుంది. పొడుగాయనా ఖాళీ పడవతోనే వెళ్ళి, దానికి ఇరుక్కునే పోయాడు. పాపం, నిండు ప్రాణం తీసేశారు వెధవలు!

ఆస్పత్రిలో పాప పుట్టింది. మర్నాడు బాబాయి అడిగాడు.

"నోట్లో కొంగు పెట్టుకుని బిరడా సంగతి ఎలా చెప్పావే?"

"నేనా? నేనెక్కడ చెప్పాను? నువ్వే నిన్ను తిట్టుకుంటున్నావనుకున్నా..." పిన్ని గొంతు తగ్గించింది. "అచ్చం పొడుగాయన గొంతులా ఉందయ్యా."

బాబాయి గబుక్కున లేచాడు. తిన్నగా కాలవ ఆఫీసుకెళ్ళాడు. ఆ రోజు మొదలు, ఆ పైపు తీయించమని తిరిగి తిరిగి చెప్పులరిగిపోయాయి. చివరికి ఆఫీసరు తీరిగ్గా టీ తాగుతూ ఏమన్నాడో తెలుసా?

"తీద్దామనే ఉందయ్యా. కానీ అక్కడ దెయ్యం ఉందట కదా... పనివాళ్ళు రామంటున్నారు."