ఎర్ర మందారం ఆర్చ్, తెల్ల నందివర్ధనం డెబియన్

ధనలక్ష్మి తన పేరు కంటే ముందు తన ఆపరేటింగ్ సిస్టమ్ పేరు చెప్పింది.

"నేను ఆర్చ్ వాడతాను," అంది గుమ్మంలో గొడుగు దులుపుతూ. "ధనలక్ష్మిని. మాస్టారు రమ్మన్నారు."

శృంగవరపుకోట గ్రంథాలయం హాల్లో, నేల మీద వైర్ల మధ్య కూర్చున్న గిరిబాబు తలెత్తి చూశాడు. ఎత్తిన తల మళ్ళీ దించడం మరిచిపోయాడు. ఆమె జడ కొస నుంచి వాన నీళ్ళు గుమ్మం పక్కనున్న కీబోర్డు మీద టపటపా రాలుతున్నాయి.

"కీబోర్డు తడిసిపోతన్నాది మేడమ్," అన్నాడు.

ప్రేమకథల్లో హీరోలు మొదటి మాటగా ఇంతకంటే మంచివే అంటారు. ఏం చేస్తాం, మన హీరో ఇతనే.

విశాఖపట్నంలో ఏదో ఆఫీసు వాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తూ, ఈ గ్రంథాలయానికి పుణ్యానికి ఇచ్చారు. స్విచ్ వేసి, బజారుకెళ్ళి టీ తాగి వచ్చినా వాటిలో విండోస్ తెరుచుకోదు. గ్రంథాలయం అధ్యక్షులు భావనారాయణ మాస్టారు రిటైరైన సంస్కృతం పండితులు. లైనక్స్ అని ఒకటుందనీ, అది అందరికీ ఉచితమనీ, పాత కంప్యూటర్ల మీద కూడా పరుగెడుతుందనీ ఆయన ఎవరి దగ్గరో విన్నారు. అందులో రకాలున్నాయని మాత్రం వినలేదు. ఇంజను ఒకటే అయినా, దాని మీద ఆర్చ్ అనీ డెబియన్ అనీ ఎవరికి నచ్చిన బండి వాళ్ళు కట్టుకున్నారని ఆయనకెవరూ చెప్పలేదు.

మాస్టారికి ఒక అలవాటుంది. ఇంట్లో శుభకార్యమైతే వంటవాళ్ళకి ఇద్దరికి కబురు పెడతారు, ఒకరు రాకపోతే ఇంకొకరుంటారని. కంప్యూటర్లకీ అలాగే పెట్టారు. బస్టాండు దగ్గర కంప్యూటర్ రిపేరు షాపున్న గిరిబాబుకి ఒకటి, ఎల్.కోటలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకునే ధనలక్ష్మికి ఒకటి. ఖర్మకొద్దీ ఇద్దరూ వచ్చారు.

"ఏటి ఎక్కిస్తన్నారు?" అని అడిగింది ధనలక్ష్మి, స్క్రీన్ మీదికి వంగి.

"డెబియన్."

"అయ్యో," అంది, ఎవరో పోయారని విన్నట్టు.

"అయ్యో ఏటండీ?"

"ఏం లేదు, మా తాత గుర్తొచ్చాడు. ఎప్పుడూ నిన్నటి పేపరే సదివేవోడు. వార్తలన్నీ ఒక రోజు ఆగి కుదురుకుంటాయని."

గిరిబాబు చెవులు ఎర్రబడ్డాయి. "మీ ఆర్చ్ సంగతి నాకు తెలీదేటి? పొద్దున్న అప్‌డేట్ సేసుకోవాల, సాయంత్రం దాకా ఏటి పోనాదో ఎతుక్కోవాల."

"ఎతుక్కుంటేనే కదా నేర్సుకునేది!"

"పిల్లలు లెక్కలు నేర్సుకోడానికొస్తారండీ. ఎతుక్కోడం నేర్సుకోడానికి కాదు."

అక్కడితో యుద్ధం మొదలైంది. పొద్దున్న షాపు తెరిచే ముందు గిరిబాబు వచ్చి కంప్యూటర్లలో డెబియన్ ఎక్కించి పోయేవాడు. సాయంత్రం తన పని ముగించుకుని ధనలక్ష్మి వచ్చి, అది తుడిచేసి ఆర్చ్ ఎక్కించేది. మర్నాడు మళ్ళీ గిరిబాబు. ఇలా నెల గడిచింది. పిల్లలు వచ్చి నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తడం కాసేపు చూసి, క్యారమ్స్ ఆడుకోవడానికి పోతున్నారు.

ఇంత శత్రుత్వం ఉన్నవాళ్ళు ఒకరికొకరు ఎదురుపడకుండా ఉండాలి కదా. అదేం విచిత్రమో, గిరిబాబు సాయంత్రాలు కూడా రావడం మొదలుపెట్టాడు, స్క్రూడ్రైవరు మరిచిపోయానని. ధనలక్ష్మి పొద్దున్నలు కూడా రావడం మొదలుపెట్టింది, ఛార్జరు మరిచిపోయానని. ఆ హాల్లో పోయినన్ని స్క్రూడ్రైవర్లు జిల్లాలో ఎక్కడా పోయి ఉండవు.

గిరిబాబు తల్లి దేముడమ్మకి ఊరి చివర పూలతోట ఉంది. పూలు అమ్ముకుని పోతూ రోజూ హాల్లోకి తొంగిచూసేది.

"పిన్నీ, మీ వోడికి కాస్త సెప్పు, కొత్త కాలంలోకి రమ్మని," అనేది ధనలక్ష్మి.

ఆమె 'పిన్నీ' అన్నప్పుడల్లా గిరిబాబు లోపల ఏదో ఒక ప్రోగ్రామ్ క్రాష్ అయ్యేది.

ఒక సాయంత్రం జోరుగా వాన పట్టుకుంది. కరెంటు పోయింది. ఇద్దరూ వరండాలో బెంచీకి ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. మధ్యలో ఉల్లిపాయ పకోడీ పొట్లం. పకోడీ కోసం చేతులు చాపడంలో బెంచీ చిన్నదైపోయింది.

"మీకంత భయమేటి కొత్తదంటే?" అంది ధనలక్ష్మి. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

"భయం కాదండీ. సెడిపోయినవన్నీ నా షాపుకే కదా వస్తాయి. రోజంతా అవే సూస్తాను. నా సేత్తో పెట్టిందొకటైనా సెడిపోకండా ఉండాలని..." అని ఆగాడు. "మరి మీకు రోజూ కొత్తదే ఎందుకు?"

ఆమె వానలోకి చూసింది. "మా ఊరికి ఏదీ ముందు రాదు. రోడ్డయినా, సిగ్నలయినా, అందరికీ వచ్చీసాకే మాకు. ఇదొక్కటే, ప్రపంచంలో అందరితోపాటు అదే రోజు నా దగ్గరికొస్తాది."

గిరిబాబు నోట్లో పకోడీ అలాగే ఉండిపోయింది. ఈ అమ్మాయి లేకుండా ఇక తన వల్ల కాదని అతనికి అప్పుడు తెలిసిపోయింది. నమలడం తర్వాత గుర్తొచ్చింది.

ఇంటికెళ్ళి తన సొంత లాప్‌టాప్‌లో డెబియన్ తీసేసి ఆర్చ్ ఎక్కించాడు. మొదట సౌండు పోయింది. అది తెచ్చుకునేసరికి వైఫై పోయింది. షాపుకొచ్చిన వాళ్ళ కంప్యూటర్లు పక్కనపెట్టి తనదే రిపేరు చేసుకునే గతి పట్టింది. అయినా అన్నీ సరిచేసుకుని, ఆ రోజే వచ్చిన అప్‌డేట్ ఆ రోజే ఎక్కినప్పుడు, ఆమె చెప్పిన సంతోషమేమిటో తెలిసింది. ఆ సంగతి ఆమెతో చెప్పాడా? చెప్పలేదు. మగవాడి రోషం అన్నిటికంటే స్టేబుల్ వెర్షన్.

శనివారం నాడు మాస్టారికి ఓపిక పోయింది.

"ఏదో ఒకటి తేల్చండమ్మా. ఇచ్చినవాళ్ళు వచ్చి చూస్తే ఏం చెప్పను?"

"డెబియన్," అన్నాడు గిరిబాబు, అలవాటు కొద్దీ.

ఆ అలవాటే కొంప ముంచింది. ధనలక్ష్మికి ఎక్కడలేని కోపం వచ్చింది. "సరే, ఆ నిన్నటి పేపరే ఎక్కించుకోండి. నన్ను వైజాగ్ కంపెనీ వాళ్ళు పిలుస్తన్నారు, ఎల్లిపోతాను!"

"ఆర్చ్ ఎక్కితే నేను ఈ గడప తొక్కను!" అనేశాడు గిరిబాబు.

నోటి నుంచి మాట దాటగానే ఇద్దరి ముఖాలూ పాలిపోయాయి. కానీ పెద్దాయన ముందు అన్న మాట, వెనక్కి తీసుకునే మీట లేదు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మా ఇంట్లో ఏ సంగతి తేలకపోయినా స్వామి ముందు పువ్వులు పెట్టి అడుగుతాం. మా తాతల నాటి నుంచీ అంతే. ఎర్ర మందారం వస్తే అమ్మాయిది, తెల్ల నందివర్ధనం వస్తే అబ్బాయిది. రేపు పొద్దున్న రెండు పొట్లాలు సరస్వతీదేవి పటం ముందు పెడతాను. సాయంత్రం దీపం పెట్టి, కళ్ళు మూసుకుని ఒకటి తీస్తాను. ఆ తర్వాత ఎవరూ కిక్కురుమనకూడదు."

గిరిబాబుకి ఆ రాత్రి నిద్ర లేదు. తెల్ల పువ్వు వస్తే ఆమె వైజాగ్ వెళ్ళిపోతుంది. లోకంలో ఇంకే గెలుపూ ఇంత భయంగా ఉండదు.

తెల్లవారి తోటలో తల్లి దగ్గరికి పోయాడు. "అమ్మా, రెండు మందారాలియ్యి. ఎర్రవి."

దేముడమ్మ ఎగాదిగా చూసింది. "పూజకా, దొంగతనానికా?"

"పూజకే," అన్నాడు. దొంగతనానికే.

హాలు తాళంచెవి కిటికీ వెనక మేకుకి ఉంటుందని ఊరందరికీ తెలుసు. మధ్యాహ్నం మాస్టారు భోజనానికి వెళ్ళగానే గిరిబాబు లోపలికి దూరాడు. పటం ముందున్న అడ్డాకు పొట్లాలు రెండూ జేబులో వేసుకుని, తను కట్టి తెచ్చినవి పెట్టాడు. రెండిట్లోనూ ఎర్రవే. అమ్మవారు ఏది తీయించినా ఆర్చే. "తల్లీ, ఈ ఒక్కసారికి నువ్వు నా పార్టీ," అని సరస్వతికి దండం పెట్టుకుని బయటపడ్డాడు.

సాయంత్రం మాస్టారు దీపం వెలిగించారు. ధనలక్ష్మి ఒక మూల భుజానికి సంచీ తగిలించుకుని, నేల చూపులు చూస్తూ నిలబడింది. గిరిబాబు ఓడిపోయిన ముఖం పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పొద్దున్న అద్దంలో సాధన కూడా చేశాడు.

మాస్టారు కళ్ళు మూసుకుని ఒక పొట్లం తీసి, దారం విప్పారు.

తెల్ల నందివర్ధనం.

"డెబియన్," అన్నారు.

"అదెలాగ!" అని అరిచాడు గిరిబాబు. "రెండూ ఎర్రవే కదా!"

తనేమన్నాడో అతనికి అందరికంటే ఆఖర్న వినిపించింది.

"రెండూ ఎర్రవని నీకెలా తెలుసు నాయనా?" అన్నారు మాస్టారు చాలా నెమ్మదిగా. రెండో పొట్లం కూడా విప్పారు. అదీ తెల్లదే. ఆయన పువ్వుల్నీ, పటాన్నీ, గిరిబాబునీ మార్చి మార్చి చూశారు.

"నన్నడగండి మాస్టారూ," అంటూ గుమ్మంలో దేముడమ్మ పూలబుట్ట దించింది. "మా ఓడేమో పొద్దున్నే రెండూ ఎర్రవే కావాలన్నాడు. ఆడటెల్లగానే ఈ పిల్లొచ్చి, పిన్నీ, రెండూ తెల్లవే కావాలన్నాది. నానేటి ఎర్రిదాన్నా? అడిగినోళ్ళకి అడిగినవిచ్చీసి, ఏటవుతాదో సూద్దారనొచ్చినాను."

ధనలక్ష్మి సంచీలోంచి రెండు పొట్లాలు తీసింది. మధ్యాహ్నం గిరిబాబు పోయాక పటం ముందు నుంచి తను మార్చేసినవి. హడావిడిలో విప్పి చూడలేదు. ఇప్పుడు విప్పింది. ఒక మందారం. ఇంకో మందారం.

"ఆర్చ్ గెలవాలని పెట్టావా?" అంది. ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

"నువ్వెల్లిపోతానన్నావు కదా."

"మరి గడప తొక్కనన్నావు?"

"కిటికీ ఉన్నాది కదా అనుకున్నాను." గిరిబాబు గొంతు సవరించుకున్నాడు. "నువ్వెందుకు తెల్లవి పెట్టావు?"

"నువ్వు రావేమోనని."

"మరి నీ ఉద్యోగం?"

"రానని నిన్న ఇంటికెల్లగానే రాసీసినాను. పువ్వు ఏదొచ్చినా నేనెక్కడికీ ఎల్లను."

గిరిబాబుకి కళ్ళు చెమర్చాయి. మాస్టారు ఉన్నారని గానీ, అమ్మ ఉందని గానీ గుర్తు లేదు. "ధనలక్ష్మీ, నువ్వంటే నాకిష్టం. ఆ వాన రోజు నుంచీ. కాదు, కీబోర్డు తడిపిన రోజు నుంచీ."

"ఇప్పటికి సెప్పావా?" అంది ఆమె, నవ్వుకీ ఏడుపుకీ మధ్య. "డెబియన్ వోడివి కదా. అన్నీ ఆలస్యంగానే వస్తాయి. నాకూ ఇష్టమే."

"డెబియన్ ఎక్కడిది? నా లాప్‌టాప్‌లో ఇప్పుడు ఆర్చే."

ఆమె ఆశ్చర్యపోయి, సంచీలోంచి తన లాప్‌టాప్ తీసి తెరిచింది. అందులో డెబియన్ గుర్తు ఎర్ర సుడి చుట్టుకుని కూర్చుంది. "ఆ వాన రోజే ఎక్కించాను. ఒక్కసారి కూడా సెడిపోలేదు," అంది.

భావనారాయణ మాస్టారు సంతోషంగా చేతులు జోడించారు. "హమ్మయ్య! ఇంతకీ పిల్లలకి ఏది ఎక్కిస్తారమ్మా?"

"ఆర్చ్!" అన్నాడు గిరిబాబు.

"డెబియన్!" అంది ధనలక్ష్మి.

"పిల్లలు కొత్తది సూడొద్దేటి?"

"సూడక్కర్లేదు! పని సెయ్యాల!"

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "మళ్ళీ పువ్వులు పెట్టను గాక పెట్టను. దీపం ముందు తెల్లది వచ్చింది, తెల్లదే. డెబియన్. అయిపోయింది."

తన పాత సిస్టమ్ గెలిచినందుకు గిరిబాబు ఓడిపోయాడు. అతని ముఖంలో సంతోషం చూస్తే మాత్రం ఎవరూ ఆ మాట నమ్మరు.

దేముడమ్మ బుట్ట నెత్తికెత్తుకుంటూ ఆగింది. "ఒసే ధనలక్ష్మీ!"

"ఏటి పిన్నీ?"

"ముందా పిన్నీ అన్న మాట మార్సు. నాను నీకు పిన్నినైతే, ఈడు నీకేటవుతాడే?"

నెల రోజులుగా దేనికీ జవాబు తడుముకోని ధనలక్ష్మి, మొదటిసారి జడ కొస వేలికి చుట్టుకుంది. గిరిబాబు వైపు చూసింది.

"సరే అత్తా," అంది.