అరటి గుబురు వెనక దారి

ఉదయం పది నలభైకి ఫోన్ మోగింది.

"గెలిచామమ్మా!" అన్నాడు లాయర్. "అటవీ శాఖ వాళ్ల కేసు కొట్టేశారు. తోట, మూడిళ్లు, ప్రతి చెట్టూ మీదే."

పెద్దావిడ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని వరండా మెట్టు మీద కూలబడింది. అడవి మధ్య ఆ పండ్ల తోటను ఆమె ఒంటిచేత్తో పెంచింది. కేసు తేలేదాకా గేటు దాటి ఎక్కడికీ రానని పంతం పట్టింది. నిరుడు, యాభై ఎనిమిదో ఏట, రిటైరైన బస్సు డ్రైవర్ని పెళ్లి చేసుకుంది. అప్పుడు కూడా గేటు దాటలేదు.

రెండో ఇంట్లోంచి మేనల్లుడు, అతని భార్య వచ్చారు. మూడో ఇంట్లో అద్దెకుండే లెక్చరర్ వచ్చాడు. పై తోటలో నారింజ చెట్లకు పాదులు తీస్తున్న డ్రైవర్ చేతులు దులుపుకుంటూ దిగాడు. లెక్చరర్ తన ఫోన్లో అందరినీ ఒక ఫోటో తీశాడు.

"ఉండండి, మా అమ్మ నెక్లెస్ వేసుకుని వస్తాను. ఇంకోటి తీద్దురుగాని," అంటూ పెద్దావిడ లోపలికి వెళ్లింది.

బీరువాలో పెట్టె ఉంది. పెట్టెలో నెక్లెస్ లేదు.

అరగంట తిరక్కుండానే అది దొరికింది. సామాన్ల షెడ్డులో, డ్రైవర్ టూల్‌బాక్స్‌లో, స్పానర్ల కింద.

వెతుకుదాం అన్నది మేనల్లుడు. టూల్‌బాక్స్ తెరవమన్నదీ అతనే. పోలీసులకు ఫోన్ చేసిందీ అతనే.

*

జీపు వచ్చేసరికి రెండు దాటింది. ఎస్సై దిగింది. పెళ్లయి ఇంకా నెల కాలేదు. సీటు మీద మొగుడు కట్టిచ్చిన టిఫిన్ క్యారియర్ ఉంది. మూత మీద అతికించిన చీటీలో 'చల్లారకముందే తిను' అని ఉంది. దారి పొడుగునా ఆ చీటీ చూసి రెండుసార్లు నవ్వుకుంది. ఇక్కడి ముఖాలు చూశాక ఆ నవ్వు కాస్తా పోయింది.

మేనల్లుడు వరండా చివరిదాకా ఎదురొచ్చాడు. మనిషి మొత్తం తెలుపు. చొక్కా తెలుపు, ప్యాంటు తెలుపు, బూట్లు తెలుపు. ఆ తోటలో అంత తెల్లగా ఉండాలంటే ఏ పనీ చేయకుండా ఉండాలి. ఆ ఒక్క పనీ అతను శ్రద్ధగా చేస్తున్నాడు.

"మిమ్మల్ని పంపారా?" అన్నాడు ఆమెను, మెడలోని కొత్త పసుపుతాడును ఎగాదిగా చూసి. "కొత్త పెళ్లికూతుర్ని కాకుండా కాస్త అనుభవం ఉన్నవాళ్లు లేరా స్టేషన్లో?"

"ఉన్నారు. వాళ్లు పెద్ద దొంగల్ని పట్టుకోవడానికి వెళ్లారు."

జీపు నడిపిన కానిస్టేబుల్ దగ్గాడు.

వరండాలో, గుమ్మం పక్కన ఒక రెగ్జిన్ బ్యాగ్ ఉంది. జిప్ వేసి ఉంది. దాని పక్కన డ్రైవర్ నిలబడ్డాడు.

"ఎవరిదీ బ్యాగ్?"

"నాదేనండి."

"ఎక్కడికి?"

పెద్దావిడ చెప్పింది.

"ఈయనే తీశాడని తేలితే సాయంత్రం బస్సుకి వెళ్లిపొమ్మన్నాను. దొంగతో కాపురం చేయలేనమ్మా. తీయలేదని తేలితే..." ఆమె బ్యాగ్ వైపు చూసింది. "ముందు తేల్చు తల్లీ."

"నేను తీయలేదండి," అన్నాడు డ్రైవర్. "అంతకంటే చెప్పడానికి నా దగ్గరేం లేదు."

"స్టీరింగ్ గారి డైలాగు బాగుంది," అన్నాడు మేనల్లుడు. "టికెట్ లేకుండా ఎక్కినవాళ్లంతా ఇదే చెప్తారు."

అతని భార్య కిసుక్కున నవ్వింది.

ఎస్సై పెద్దావిడ వైపు తిరిగింది. "నెక్లెస్ చివరిసారి ఎప్పుడు చూశారు?"

"తొమ్మిదింటికి. ఈ రోజు తీర్పు అని తెలుసుగా. గెలిస్తే వేసుకోవాలని తీసి చూసుకుని, మళ్లీ పెట్టాను. తర్వాత కింది తోటకి వెళ్లాను."

"ఇల్లు తాళం వేశారా?"

"మా వాళ్లేగా ఉన్నది."

మేనల్లుడి భార్య మాట అందుకుంది. "అదే మేడం మేమూ చెప్పేది! మా వాళ్లు అనుకునే మనిషిని చూసి అనుకోవాలి. ఊరూపేరూ తెలియని బస్సు మనిషిని తెచ్చి మా నెత్తిన కూర్చోబెట్టింది అత్తయ్య."

"మీరు ఉదయమంతా ఎక్కడున్నారు?"

"స్నానం, తలదువ్వుకోవడం. నాకు గంటన్నర పడుతుంది."

జుట్టు చూస్తే నమ్మబుద్ధి వేసింది.

లెక్చరర్ మెడలో బైనాక్యులర్స్ వేలాడుతున్నాయి. "నేను పక్షుల్ని చూస్తాను, మనుషుల్ని కాదు. మనుషుల్లో చూడదగ్గవి తక్కువ," అన్నాడు. "ఉదయం ఆరున్నర నుంచి ఫోన్ మోగేదాకా నా వరండాలోనే ఉన్నాను. షెడ్డుకి వెళ్లే పెద్ద దారి నా ఎదురుగానే. ఈ డ్రైవర్ ఏడింటికి వెళ్లి పార తీసుకుని వచ్చాడు. ఆ తర్వాత ఆ దారిన పిట్ట తప్ప ఇంకేదీ పోలేదు."

ఎస్సై మేనల్లుడిని అడిగింది. "మీరు?"

"నా గదిలో. లాప్‌టాప్ ముందు."

"తోటలోకి వెళ్లలేదా?"

"నేనా?" అతను పెద్దగా నవ్వాడు. "నేను ఆ బురదలో కాలుపెట్టి ఏడాదైంది. ఆ పనులకి మనుషులున్నారు." గడ్డంతో డ్రైవర్ని చూపించాడు. "పెళ్లి చేసుకుని మరీ తెచ్చుకుంది."

"మా ఆయన చెప్పులకి మట్టంటుకుంటే జ్వరం తెచ్చుకుంటాడు," అంది భార్య, గొప్పగా.

ఎస్సై షెడ్డుకి నడిచింది. పెద్ద దారిన వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు వెనక నుంచి వచ్చింది. వెనక అరటి గుబురు. మధ్యలో మనిషి ఒదిగి దూరేంత సందు. ఆ సందు లెక్చరర్ వరండాకి కనబడదు. భుజమంత ఎత్తులో రెండు అరటాకులు కాడ దగ్గర విరిగి వేలాడుతున్నాయి. కోసినవి కాదు, తోసుకుంటూ వెళ్తే విరిగినవి.

విరిగిన కాడను వేలితో తాకింది. జిగట. వేలి మీద ఏమీ కనబడలేదు.

ఆమె మొదటిసారి ఆ తోటలో నవ్వింది.

*

మూడున్నరకు అందరూ వరండాలో కూర్చున్నారు. డ్రైవర్ మాత్రం బ్యాగ్ పక్కనే నిలబడ్డాడు.

"దొంగ ఫలానా అని నేను ఉదయమే చెప్పాను," అన్నాడు మేనల్లుడు. "మీకు సాయంత్రమైంది."

"మీ చొక్కా మీద అదేంటి?"

అతను వంగి చూసుకున్నాడు. కుడి భుజం నుంచి జేబు దాకా గోధుమరంగు చుక్కలు. చేతి అంచున ఒక చార.

"ఛ! కాఫీ పడ్డట్టుంది."

"అమ్మా, మీవారి కాఫీ మరక కాస్త సబ్బు పెట్టి కడగండి," అంది ఎస్సై అతని భార్యతో.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నాకు చూడాలనుంది."

భార్య మూతి తిప్పుకుంటూ సబ్బు, నీళ్లు తెచ్చి రుద్దింది. మరక పోలేదు. ఇంకా ముదిరింది.

"ఇది కాఫీ కాదు," అంది ఎస్సై. "అరటి కర."

మేనల్లుడి ముఖం ఒక్క క్షణం ఖాళీ అయింది. వెంటనే తేరుకున్నాడు.

"అయితే మధ్యాహ్నం ఎక్కడో అంటుకుని ఉంటుంది! మాస్టారూ, మీ ఫోటో చూపించండి. పది నలభైకి తీసింది. నా చొక్కా మల్లెపువ్వులా ఉంటుంది. ఆ తర్వాత నేను ఈ వరండా దాటలేదు. అందరూ సాక్షులే!"

లెక్చరర్ ఫోటో తెరిచాడు. నిజమే. చొక్కా తెల్లగా ఉంది.

"వరండా దాటలేదన్నారు," అంది ఎస్సై. "మరి వరండాలో అరటిచెట్టు ఉందా?"

"మొన్న మావారు పెరట్లో గెల కోశారు. కొత్త చొక్కాతో. కోసినప్పుడు ఒక్క మచ్చ లేదు. నీళ్లలా పడింది, ఆరిపోయింది అన్నారు. సాయంత్రానికి చొక్కా నిండా గోధుమరంగు. మూడుసార్లు ఉతికాను. పెళ్లయ్యాక మా మొదటి పోట్లాట అదే." ఆమె ఫోటోను పెద్దది చేసింది. "అరటి కర పడగానే కనబడదు. ఆరాక రంగు తేలుతుంది. ఇదిగో, కుడి భుజం దగ్గర గుడ్డ తడిసి ఒంటికి అతుక్కుని ఉంది. పది నలభైకి మీ చొక్కా శుభ్రంగా లేదు. మరక అప్పటికే పడింది. మీకు తెలియలేదు, అంతే."

"ఈ డ్రైవర్ బట్టలు చూడండి! ఇతనికి నిండా కరే!"

"చూశాను. అవే బట్టలు ఫోటోలోనూ ఉన్నాయి. లేత నీలం చొక్కా. మట్టి ఉంది, చెమట ఉంది. కర లేదు. తొమ్మిది తర్వాత పెద్ద దారిన ఎవరూ వెళ్లలేదు. అంటే నెక్లెస్ అరటి గుబురులోంచి వెళ్లింది. ఆ గుబురులోంచి వెళ్లిన భుజం మీది."

మేనల్లుడు పెద్దావిడ వైపు తిరిగాడు. "అత్తయ్యా, నీ మంచికే! కేసు గెలిస్తే ఇదంతా ఎవరికి పోతుందో ఆలోచించావా? ఒక బస్సు డ్రైవర్‌కి!"

"ఈ తోట పండ్లు తినే పెరిగావురా," అంది పెద్దావిడ నెమ్మదిగా. "అరటి కర ఎలా ఉంటుందో కూడా నేర్చుకోలేదు. దొంగతనమైనా శుభ్రంగా చేయలేకపోయావు."

"కేసు రాయమంటారా?" అడిగింది ఎస్సై.

"రాయి తల్లీ. చొక్కా కూడా పట్టుకెళ్లు."

అతను బనీనుతో జీపెక్కాడు. అక్కడిదాకా నడిచేసరికి తెల్లబూట్ల నిండా బురద. భార్య వెనకే పరుగెత్తింది, తల సర్దుకుంటూ. ఎస్సై క్యారియర్ ఒళ్లో పెట్టుకుని మూత తీసింది. చల్లారిపోయింది. అయినా తింది.

జీపు చప్పుడు అడవిలో కలిసిపోయింది. లెక్చరర్ తన పక్షుల దగ్గరికి వెళ్లిపోయాడు.

డ్రైవర్ బ్యాగ్ అందుకున్నాడు.

"సాయంత్రం బస్సు టైమవుతోంది," అన్నాడు.

"తేలిందిగా!"

"తేలింది. తేలకముందు ఏమనుకున్నావో అది కూడా తెలిసింది."

పెద్దావిడ తల దించుకోలేదు. "అనుమానించాను. ఐదు గంటలు. తప్పే." మెట్టు దిగి వచ్చి బ్యాగ్ పట్టీ పట్టుకుంది. "సాయంత్రం బస్సు వద్దు. ఈ బ్యాగ్ విప్పనూ వద్దు. నా చీరలు రెండు ఇందులో పెట్టనివ్వండి."

"ఎందుకు?"

"కేసు తేలేదాకా గేటు దాటనన్నాను. తేలింది. రేపు పొద్దున ఫస్ట్ బస్సుకి ఇద్దరం వెళ్తున్నాం. ఎక్కడిదాకా వెళ్తే అక్కడిదాకా."

డ్రైవర్ బ్యాగ్ వదల్లేదు. లాగనూ లేదు.

"రేపు మీరు నడపక్కర్లేదు," అంది ఆమె. "కిటికీ పక్క సీటు మీది."