తూచి పెట్టిన ముద్ద

తెల్లారి షట్టరు ఎత్తేసరికే దుకాణం ముందు వరస కట్టేశారు. చొలూలా ఊళ్లో ఎవరింట్లో పొయ్యి వెలిగినా వెలగకపోయినా యూలాలియా దుకాణంలో టోర్టియా రొట్టెల యంత్రం మాత్రం గడగడలాడవలసిందే. సున్నపు నీళ్లలో ఉడికిన మొక్కజొన్న వాసన వీధి చివరిదాకా పాకింది. అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చిన ప్రతి పిల్లకీ వేడి టోర్టియా మీద ఉప్పు చల్లి, చుట్టి, ఊరికే చేతిలో పెట్టడం ఆవిడకి తల్లి నేర్పిన ఆచారం. పెట్టని దుకాణానికి పిల్లలు తల్లుల్ని రానిస్తారా?

ఒక్క పిల్లకే ఆ టోర్టియా చుట్ట లేదు. సొంత మనవరాలు హిమెనాకి.

ఆరేళ్ల హిమెనా లోపలి గడప మీద కూర్చుని అందరి చేతులూ చూస్తోంది. పిల్లకి మూర్ఛ జబ్బు. మాత్రలకి లొంగకపోతే పెద్దాసుపత్రి డాక్టరమ్మ వాటితో పాటు కీటో ఆహారం మొదలుపెట్టించింది. దాదాపు అంతా కొవ్వే, పిండి పేరెత్తకూడదు. మీగడ, అవకాడో, గుడ్డు చిన్న త్రాసు మీద తూచి పెట్టడమే తల్లి నొయెమీకి పొద్దస్తమానం పని. మూర్ఛలు బాగా తగ్గాయి, కాదనడానికి లేదు. అయినా యూలాలియా మనసు ఊరుకోదే! టోర్టియాలమ్మే ఇంట్లో పుట్టి టోర్టియా తినని పిల్లని లోకంలో ఎక్కడైనా చూశామా?

"ఊరందరి పిల్లలకీ పెడతావు, నీ మనవరాలికి పెట్టడానికి చెయ్యి రాదేం?" అంది వరసలో నిలబడ్డ పెద్దావిడ దోన్యా చేలా.

"పెడితే మా అమ్మాయి నన్నే తూచి అమ్మేస్తుంది."

నవ్వేసింది గానీ చెయ్యి ఆగలేదు. ఒక టోర్టియాకి ఉప్పు చల్లి, చుట్టి, గడప దాకా వెళ్లింది. పిల్ల కళ్లలోకి చూసింది. గిరుక్కున వెనక్కి తిరిగి తనే నమిలేసింది.

లోపల ఫోనులో ఎవరో ఆవిడ వీడియో చూస్తున్న నొయెమీ తల ఎత్తింది. "ఈవిడ చెప్పేది వినమ్మా. కీటోతో మూర్ఛే కాదట, షుగరు, మతిమరుపు, కాన్సరు కూడా పోతాయట. మాత్రలు ఒట్టి విషమట."

"నా మోకాళ్ల నొప్పి పోతుందేమో అడుగు."

"నీకన్నీ వేళాకోళమే!"

"అన్ని రోగాలకీ ఒకటే మందన్నవాణ్ణి మా నాన్న సంతలోంచి తరిమికొట్టేవాడే, తల్లీ."

నొయెమీ ఫోను బోర్లా పెట్టేసింది. ఈ మధ్య ఆమె కాలు ఒక్కచోట నిలవడం లేదు. మాత్రల డబ్బా మాటెత్తితే చాలు, లేచి వెళ్లిపోతోంది. యూలాలియా అది చూసింది గానీ అలసట అనుకుంది.

మధ్యాహ్నం హిమెనా చేతిలోంచి గ్లాసు జారింది. పిల్ల ఒళ్లంతా బిగుసుకుని కొట్టుకుంది. ఎంతసేపటికీ ఆగలేదు. ఎదురింటివాళ్ల కారులో ఆసుపత్రికి పరుగెత్తారు. మందు ఎక్కించాక గానీ పిల్ల స్తిమితపడలేదు.

వార్డు బయట నొయెమీ తల్లి మీద విరుచుకుపడింది. "పెట్టావు కదూ? పొద్దున టోర్టియా పట్టుకుని గడప దాకా రావడం నేను చూశాను!"

"పెట్టలేదే. నేనే తిన్నాను."

"ఎన్ని నెలల నుంచి గ్రాముల లెక్కన తూచి పెడుతున్నానమ్మా! ఒక్క ముద్దతో గంగపాలు చేశావు!"

యూలాలియాకి ఒళ్లు మండింది. "నీ కూతురంటే నాకేం పగే?" అనబోయి, ఆగింది. కూతురి మొహంలో కోపం లేదు, భయం ఉంది. నేను పెట్టలేదంటే ఆహారం ఓడిపోయినట్టే. అది ఓడితే దీనికి ఇంకే ఆశ మిగులుతుంది?

అందుకే డాక్టరమ్మ వచ్చి, "పాప ఏం తింది?" అనగానే యూలాలియా ముందుకొచ్చింది.

"నేనే పెట్టానమ్మా. టోర్టియాలు. రెండో... మూడో."

డాక్టరమ్మ కాగితం చూసింది, ఆవిణ్ణి చూసింది. "రక్తంలో కీటోన్లు ఉండవలసినంత ఉన్నాయి. మూడు టోర్టియాలు తిన్న పిల్లకి ఇలా ఉండవు. ఎందుకండీ అబద్ధం?"

డాక్టరమ్మ నొయెమీ వైపు తిరిగింది.

"మాత్రలు వేళకి వేస్తున్నారా?"

నొయెమీ గోడకి చేరగిలబడింది. "మానేశాను," అంది. "పోయిన వారమే. ఇక అక్కర్లేదనుకున్నాను. మాత్రలేసుకుంటే పిల్ల మందకొడిగా ఉంటోంది, నవ్వడం లేదు. ఫోనులో ఆవిడ..."

డాక్టరమ్మ అరవలేదు. అరిచి ఉంటేనే నయమనిపించింది. "ఈ ఆహారం మీ పాపకి మేలు చేసింది, కళ్లారా చూశాం. మాత్రలు కూడా తగ్గించగలమేమో, మెల్లగా, నేను చూస్తుండగా. ఒక్కసారిగా మానేస్తే ఇదిగో, ఇలాగే అవుతుంది. మిగతా రోగాలంటారా, షుగరున్న కొందరికి కొన్నాళ్లు మేలు కనబడింది. కాన్సరు సంగతి ఇంకా తేలలేదు. తేలనిది తేలిందని చెప్పేవాళ్లు మీ పాప మంచం పక్కన వచ్చి కూర్చోరమ్మా."

ఆవిడ వెళ్లాక తల్లీకూతుళ్లు బల్ల మీద కూలబడ్డారు.

"లేని తప్పు నెత్తిన ఎందుకు వేసుకున్నావమ్మా?"

"నీ కష్టం నీళ్లపాలైందని నువ్వు ఏడుస్తుంటే చూడలేక."

నొయెమీ మొహం చేతుల్లో దాచుకుంది. "మాత్రలు మానేసింది నేనని నాకు తెలుసు. కారులో వస్తున్నంతసేపూ దేవుణ్ణి ఒకటే వేడుకున్నాను... నువ్వే పెట్టి ఉండాలని. కన్నతల్లివి, నువ్వు తప్పు చేసి ఉండాలని మొక్కుకున్నానమ్మా!"

యూలాలియా కూతురి తల లాక్కుని గుండెకి హత్తుకుంది.

"నేనూ అదే మొక్కుకున్నానే, పిచ్చిదానా."

ఇద్దరూ వెక్కి వెక్కి ఏడ్చారు. లోపలి నుంచి నర్సు తొంగి చూసి, పాప లేచింది, ఆకలంటోంది అని చెప్పింది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే లేచారు.