పారేయకూడదు

మా ల్యాబులో నన్ను కుక్కర్ గారు అంటారు. ఆ పేరు పెట్టిన మనిషిని తలుచుకుంటే ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది.

ఆసుపత్రి ల్యాబులో బాక్టీరియా బల్ల నాది. రోగుల నమూనాలను ప్లేట్లలో పెంచి, రెండు రోజులు చూసి, మూడో రోజు పొద్దున్నే అన్నింటినీ ఆటోక్లేవ్‌లో, అంటే ప్రెషర్ కుక్కర్ లాంటి పెద్ద యంత్రంలో, ఉడికించి పారేస్తాను. అది రూలు. ఆ సోమవారం కూడా అలాగే చేశాను. పది గంటలకు రీసెర్చ్ విభాగం నుంచి ఒకావిడ ఊడిపడింది. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గినవాళ్ళను కనిపెట్టి పట్టుకునే ఫంగస్‌ల మీద, వాటికి కొత్త మందుల మీద ఆవిడ పరిశోధన. ప్లేట్లను వెచ్చగా ఉంచే తన ఇంక్యుబేటర్ చెడిపోయిందట. మా పెద్ద డాక్టరును అడిగి నా దాంట్లో ఒకే రోగి నమూనాతో ఏడు ప్లేట్లు పెట్టుకుందట. నాకు చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. మిగతావాటితో పాటు అవీ ఉడికిపోయాయి.

ఫంగస్‌ను వారాలపాటు ఉంచాలని, ఆమాత్రం తెలియనివాణ్ణి ఇక్కడ ఎవరు పెట్టారని అందరి ముందూ కడిగేసింది. పారేయకూడదని ఒక లేబుల్ అంటిస్తే సరిపోయేదిగా అన్నాను.

"బూజు కనిపిస్తే చాలు, చెత్త అనుకుంటారు. మనుషులు పోతున్నారండీ దీనివల్ల. మీకు మాత్రం అన్నీ కుక్కర్లో పెట్టేయడమే పని."

మధ్యాహ్నానికల్లా అంతస్తు మొత్తానికీ నేను కుక్కర్ గారినయ్యాను.

నిజం చెప్పాలి, నాకో అలవాటుంది. కొత్తరకంగా పెరిగింది ఏది కనిపించినా, పారేసే ముందు సూది మొనతో కాస్త తీసి చిన్న గొట్టంలో దాచుకుంటాను. ఆ ప్లేట్లలో ఒకదాని నుంచి, బూడిదపచ్చ రంగు బాగుందని, అలాగే దాచాను. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంతేసి మాటలు అన్నాక నేనెందుకు చెప్పాలి? చెప్పలేదు. ఇంటికెళ్ళి అక్క దగ్గర మొరపెట్టుకుంటే, ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేముందిరా అంది. సొంత అక్క!

గురువారం కౌంటర్ దగ్గరికి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. భార్యకు కేన్సర్ వైద్యం జరుగుతుండగా ఊపిరితిత్తుల్లో ఫంగస్ చేరిందట. ఉన్న మందులు పనిచేయడం లేదు. ఏది పనిచేస్తుందో చూడటానికి తీసిన నమూనా పోయింది. మళ్ళీ తీద్దామంటే రక్తం ఆగదని డాక్టర్లు భయపడుతున్నారు.

"ఎవరో పొరపాటున పారేశారంట బాబూ. మీకేమైనా తెలుసా?" అని నన్నే అడిగాడు.

నా మీద నాకు వచ్చినంత కోపం ఆవిడ మీద కూడా రాలేదు. గొట్టం పట్టుకుని రెండంతస్తులు పరిగెత్తాను.

ఆవిడ గొట్టం మీద తేదీ చూసింది. "నాలుగు రోజులుగా మీ దగ్గరే ఉందా?" అంది. ఆ తర్వాత తిట్టిన తిట్లలో ఒక్కటి కూడా అన్యాయం కాదు. తిడుతూనే కళ్ళు తుడుచుకుంది, తిడుతూనే నాకో కుర్చీ జరిపింది. అక్కడితో నా పని అయిపోయింది, మనసు పారేసుకున్నాను.

ఇద్దరం కలిసి ప్లేటులో దాన్ని పరిచి, అక్కడక్కడా మందులు చుక్కలుగా వేసి పరీక్ష పెట్టాం. పాత మందులు మూడింటి చుట్టూ ఆ ఫంగస్ దర్జాగా పెరిగింది. ఇంకా ప్రయోగ దశలోనే ఉన్న ఆవిడ మందు చుట్టూ మాత్రం ప్లేటు నున్నగా మిగిలింది. దాన్ని వాడే ప్రత్యేక అనుమతి కోసం తిరగని ఆఫీసు లేదు. మనిషి ఊపిరి ఆడక కొట్టుకుంటుంటే ఇన్ని సంతకాలేమిటని ఆవిడ ప్రతి ఆఫీసునూ కడిగేసింది. ఈసారి పక్కన నిలబడి నేనూ కడిగాను.

ఆరు వారాలకు డ్రైవరు భార్య తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వెళ్ళింది.

ఆ సాయంత్రం వర్షానికి ఇద్దరం మెట్ల దగ్గర ఆగిపోయాం. తడబడుతూనే నా మనసులో మాట చెప్పేశాను. ఆవిడ వానను చూస్తూ వింది.

"మీ దగ్గర రెండు రోజులు దాటితే ఏదైనా కుక్కర్లోకేగా?"

"లేబుల్ ఉంటే పారేయనండి."

సంచిలోంచి స్టిక్కరూ మార్కరూ తీసింది. ఒక్క ముక్క రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, నా కోటు జేబు మీద గట్టిగా అంటించింది. తల వంచి చదువుకున్నాను. పారేయకూడదు అని ఉంది.

ఆ లేబులేదో మొదటిరోజే అంటిస్తే నాకు ఆ పేరు తప్పేది. ఇప్పుడు ఇంట్లో కూడా అదే పిలుపు. మా అక్కకు కూడా నేర్పింది.